ఎలిసాపిని తీసేయమన్నారు

పెద్దమ్మ పోయిన నెలకి, సిడ్నీ పక్కన పారమట్టాలో ఆవిడ ఇల్లు ఖాళీ చేయడానికి వెళ్ళాను. పడకగది అలమారలో, చలికాలపు దుప్పట్ల అడుగున, చిన్న సంచి ఒకటి దొరికింది. పాత డ్రెస్సింగ్ గౌను కోసి, లోపల దూది పరిచి, బొంత కుట్టినట్టు అడ్డంగా నిలువుగా కుట్టిన సంచి. మూతికి బొందు. తెలియనివాళ్ళు చూస్తే వేడినీళ్ళ సీసాకి తొడుగనుకుంటారు. అది నా కెమెరా లెన్సు కోసం పెద్దమ్మ కుట్టింది. భూమికి పైకొసన, సముద్రం గడ్డకట్టే చోటికి, తెల్ల ఎలుగుబంట్ల ఫొటోలు తీయడానికి వెళ్ళినప్పుడు నాతో వచ్చిన సంచి. దాన్ని ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూర్చున్నాను. ఆ పూట నాకు ఏడుపు రావడం న్యాయం. వచ్చింది మాత్రం కోపం. పెద్దమ్మ మీద కాదు. ఆ ప్రయాణానికి ముందు నన్ను ఆపబోయినవాళ్ళ మీద, ప్రయాణం తరవాత నా ఫొటోని సరిదిద్దబోయినవాళ్ళ మీద. వయసు మీదపడితే కోపాలు కరిగిపోతాయని అందరూ అంటుంటారు. నాకూ కొన్ని కరిగాయి. ఇది కరగలేదు. కరగనివ్వడం నాకిష్టం కూడా లేదు.

అప్పటికి నాకింకా పెళ్ళి కాలేదు. నరసాపురంలో డిగ్రీ అయ్యాక, పిల్లలు లేని పెద్దమ్మా పెదనాన్నా నన్ను తమ దగ్గరికి తెప్పించుకున్నారు. సిడ్నీలో మళ్ళీ చదివి, పెద్దమ్మ నర్సుగా పనిచేసే ఆసుపత్రిలోనే ఎక్స్‌రే విభాగంలో చేరాను. ఇంట్లో ముగ్గురం, మూడు వాసనలు. పెద్దమ్మ దగ్గర ఆసుపత్రి సబ్బు వాసన, నా దగ్గర ఫిల్ము కడిగే మందునీళ్ళ పుల్లటి వాసన, పెదనాన్న దగ్గర బూటు పాలిష్ వాసన. పెదనాన్న ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి. శనివారం పొద్దున్నే వెనక మెట్ల మీద పాత పేపరు పరుచుకుని, రేడియోలో క్రికెట్ పెట్టుకుని, ముగ్గురి బూట్లూ తనే తోమేవాడు. వద్దంటే వినేవాడు కాదు. పెరట్లో గొడుగులా విప్పుకునే గుండ్రటి బట్టల స్టాండు ఉండేది. దాని నీడలోనే పెద్దమ్మ చాప పరిచి మిరపకాయలు ఎండబెట్టేది. గాలికి స్టాండు తిరిగినప్పుడల్లా చీరల నీడలు ఆ ఎర్రటి కాయల మీద తిరుగుతూ ఉండేవి.

ఎండుచేపలు వండిన రోజు మాత్రం ఇంట్లో కిటికీలన్నీ మూసేవాళ్ళు. పెద్దమ్మావాళ్ళు ఆ ఇంట్లో చేరిన కొత్తలో పక్కింటావిడ కంచె దగ్గరికి వచ్చి, ఎంతో మర్యాదగా, మీ మురుగు గొట్టం ఏమైనా పగిలిందా అని అడిగిందట. పెద్దమ్మ నవ్వి, క్షమించమని చెప్పి, అప్పటినుంచి తలుపులు బిగించుకునే వండేది. మా ఇంట్లో, మా పొయ్యి ముందు, మేమే పొగకి దగ్గుతూ కూర్చునేవాళ్ళం. ఆదివారాలు వాళ్ళు పెరట్లో బార్బీ, అంటే మాంసం కాల్చే పొయ్యి, వెలిగిస్తే ఆ పొగ మా ఆరేసిన బట్టలన్నిటికీ పట్టేది. మేం ఒక్కసారి కూడా కంచె దగ్గరికి వెళ్ళలేదు. ఈ సంగతి నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఫొటోల పిచ్చి నాకు పెదనాన్న పాత కెమెరాతో మొదలైంది. ఆసుపత్రిలో మధ్యాహ్నం తిండి వేళ నది ఒడ్డుకి పోయి, రాళ్ళ మీద రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకుల్ని తీసేదాన్ని. శనివారం సాయంత్రాలు బాత్‌రూమ్ కిటికీకి నల్ల కవరు అంటించి అక్కడే ఫిల్ము కడిగేదాన్ని. భుజం మీద తువ్వాలు వేసుకుని పెదనాన్న తలుపు బయట నిలబడి, "రూతమ్మా, ఆ కాకుల స్నానాలు అయితే నేను కూడా చేసొస్తానే," అనేవాడు. తరవాత ఊళ్ళో ఒక ఫొటోగ్రఫీ క్లబ్బులో చేరాను. ఎక్కువమంది రిటైరైన మగవాళ్ళు. ప్రెసిడెంటు పేరు వీలర్. పెద్ద మనిషి, ఎర్రటి మొహం, అందరినీ నవ్వుతూ పలకరించేవాడు. ఆడవాళ్ళందరినీ 'లవ్' అనేవాడు, నన్ను ఇంకాస్త ఎక్కువగా.

అడవి జంతువుల్ని దూరం నుంచి తీసే పెద్ద లెన్సు ఒకటి క్లబ్బు తరఫున కొనాలనీ, దూరప్రయాణం వెళ్ళే సభ్యులెవరైనా దాన్ని వాడుకోవచ్చనీ తీర్మానించారు. అందుకోసం ఆదివారం సంతలో బార్బీ స్టాలు పెట్టాం. నేను నిలబడి ఉల్లిపాయలు తరిగాను. ఒకరోజు పెద్దమ్మ డ్యూటీ దిగి, చీర మీద ఏప్రన్ కట్టుకుని ఉల్లిపకోడీలు వేసింది. సాసేజ్‌ల ముందు లేని వరస ఆ పకోడీల ముందు కట్టింది. తరవాతి ఆదివారాలన్నిటికీ వీలరే ఫోన్ చేసి, మీ ఆంటీ వస్తుంది కదా అని అడిగేవాడు. ఆవిడ సెలవు రోజులు అలా ఆ నూనె మూకుడు ముందు గడిచిపోయాయి. లెన్సు వచ్చింది. చంటిపిల్లంత ఉంది. క్లబ్బులో దాన్ని ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని అలాగే ఎత్తుకున్నారు.

హెలెన్ పెద్దమ్మ వార్డులో నర్సు. నాకంటే కొంచెం పెద్ద, బెండిగో దగ్గర పల్లెటూరి పిల్ల, పెద్ద గొంతు. మా ఇంట్లో ఎండుచేపల కూర కిటికీలు తీసి మరీ తిన్న మొదటి తెల్లమనిషి. ఆ అమ్మాయి కెనడాలో, ఉత్తరాన ఎక్కడో మంచు సముద్రం ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊళ్ళో ఆరోగ్య కేంద్రానికి ఉద్యోగం మీద వెళ్ళింది. రోడ్డు లేదు, చిన్న విమానం తప్ప దారి లేదు. అక్కడినుంచి ఒకరోజు ఫోన్ చేసింది. సముద్రం గడ్డకట్టే ముందు ఎలుగుబంట్లు ఒడ్డమ్మట నడుస్తాయనీ, తన ఇంట్లో ఒక మంచం ఖాళీగా ఉందనీ, ఈ అవకాశం మళ్ళీ రాదనీ చెప్పింది.

"చలి ఎంతుంటుంది?" అన్నాను.

"ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టేంత. కెమెరా గురించి నన్నడక్కు, నా చేతి గడియారమే ఇక్కడ నడవడం మానేసింది," అంది హెలెన్.

నేను క్లబ్బు లెన్సు కోసం అడిగాను. కమిటీ గదిలో వీలరు, మరో ఇద్దరు మగవాళ్ళు బల్లకి అవతల కూర్చున్నారు. ఎక్కడికి, ఎప్పుడు, ఎలా అన్నీ చెప్పాను. వీలర్ నా చేతుల వైపు చూశాడు. నా మొహం వైపు కాదు, చేతుల వైపు.

"చూడు లవ్, అది నువ్వు మోయగలిగిన బరువు కాదు. అదీకాక అంత చలిలోకి పంపిస్తే దానికేమైనా అవుతుంది. నీలాంటి చిన్నమ్మాయికి మంచి జూమ్ ఒకటి చాలు," అన్నాడు.

"నేను ఆసుపత్రిలో రోజూ పేషెంట్లని ఎత్తి బల్ల మీద పడుకోబెడతాను," అన్నాను.

"అది వేరే సంగతిలే," అన్నాడు, నవ్వుతూనే. పక్కవాళ్ళు కూడా నవ్వారు. అదే నెలలో ఆ లెన్సుని ఒక సభ్యుడు మొసళ్ళ ఫొటోలకని ఆస్ట్రేలియా ఉత్తరాన బురద నదుల మీదికి, మూతలేని పడవలో తీసుకెళ్ళాడు. దానికేమైనా అవుతుందని ఎవరికీ అనిపించలేదు. ఇంటికొచ్చి చెబితే పెద్దమ్మ అట్లకాడ పట్టుకునే స్టవ్ దగ్గర్నుంచి నావైపు తిరిగింది. "నా పకోడీలు మొయ్యగలిగినోళ్ళకి నీ చేతులు చాల్లేదంటనా," అంది. ఆ ఆదివారం వీలర్ ఫోన్ చేస్తే, ఆంటీకి ఆఫ్టర్‌నూన్ షిఫ్ట్ ఉందని తనే చెప్పి పెట్టేసింది. ఏ షిఫ్టూ లేదు. ఆవిడ అబద్ధమాడగా నేను విన్నది అదొక్కసారే.

ఇంక నా సామాను నేనే ఎంచుకోవాలి. సిటీలో పెద్ద కెమెరా షాపుకి పెదనాన్న తోడొచ్చాడు. కౌంటరు వెనక కుర్రాడు నేనడిగిన ప్రతి ప్రశ్నకీ పెదనాన్న వైపు తిరిగి జవాబు చెప్పాడు. బ్యాటరీ లేకపోయినా షట్టరు కొట్టుకునే కెమెరా కావాలని నేనంటే, అది పాతకాలం సరుకనీ, ఇప్పుడంతా దానంతటదే ఫోకస్ చేసుకుని దానంతటదే రీలు తిప్పుకునే కెమెరాలేననీ పెదనాన్నకి చెప్పాడు. ఎముకలు కొరికే చలిలో బ్యాటరీ చస్తుందనీ, ఫిల్ము పెళుసెక్కుతుందనీ, మోటారు దాన్ని గబగబా లాగితే పొడిగాలిలో చిన్న చిన్న నిప్పురవ్వలు పుట్టి బొమ్మ మీద చెట్టుకొమ్మల్లాంటి గీతలు పడతాయనీ నాకు తెలుసు. చలికాలం మా ఎక్స్‌రే గదిలో ఫిల్ముని తొందరపడి లాగితే అవే గీతలు పడతాయి. అదంతా చెప్పాను. ఆ కుర్రాడు ఓపిగ్గా విని, పెదనాన్నని అడిగాడు: "మరి మీరేమంటారు సార్?"

"నేనేమంటాను బాబూ, నేను బూట్లకి తప్ప దేనికీ పనికిరాను. నువ్వు ఆ అమ్మాయితో మాట్లాడు," అన్నాడు పెదనాన్న ఇంగ్లీషులో. అప్పటికీ ఆ కుర్రాడు నావైపు తిరగలేదు. బయటికొచ్చేశాం. పారమట్టాలో పాత సామాన్ల షాపు అద్దాల వెనక, మూలమూలలా రంగు పోయిన కెమెరా ఒకటి దొరికింది. అన్నీ చేత్తో తిప్పుకోవాలి. దానితోపాటు ఒక మామూలు లెన్సూ, ఒక నూట ముప్పై ఐదు మిల్లీమీటర్ల లెన్సూ. ఎలుగుబంటిని నిలువెత్తున చూపించాలంటే ఆ లెన్సుతో దాని పక్కింట్లో ఉండాలి. ఆ మాట నాకు తెలుసు. వేరే దారి లేదు.

గరాజ్‌లో పెద్దమ్మ పెట్టె ఫ్రీజర్ ఉండేది, రొయ్యలూ, చందువాలూ, మేకమాంసం నింపుకుని. ప్లాస్టిక్ కవర్లో గాలి తీసేసి కట్టి, కెమెరాని అందులో పెట్టాను. పెదనాన్న తన కొత్త ఆటోమేటిక్ కెమెరా తెచ్చి, "ఇది కూడా పెట్టి చూడవే, దీని పౌరుషం కూడా తేలిపోద్ది," అన్నాడు. పొద్దున్నే తీసి చూస్తే ఆ కొత్తది కన్ను కూడా తెరవలేదు. నాది బరువుగా, బద్ధకంగా కొట్టుకుంది. అయినా కొట్టుకుంది. ఎవరో మెకానిక్కుని పట్టుకుని లోపల గట్టిపడే జిడ్డంతా తీయించాను. మళ్ళీ ఫ్రీజర్లో పెట్టాను. ఈసారి చక్కగా పలికింది. ఇవన్నీ చెప్పకుండా చేశానని పెద్దమ్మకి కోపం.

"ఇంటికి చుట్టాలొస్తే చేపకి బదులు నీ కెమెరా తీసి పులుసు పెట్టేదాన్ని. మనిషి బుద్ధుండక్కర్లా," అంది. అంటూనే డ్రెస్సింగ్ గౌను కోసి సంచి కుట్టింది. చర్మం తగిలితే అతుక్కుపోతుందని కెమెరా లోహమంతా ఆసుపత్రిలో గాయాలకి వేసే ప్లాస్టరు చుట్టి ఇచ్చింది. దెబ్బ తగిలిన మనిషిలా తయారైంది నా కెమెరా.

మావాళ్ళు నన్ను మెచ్చుకున్నారనుకోకండి. చర్చి అయ్యాక ఒక అంకుల్ పెదనాన్నని పక్కకి పిలిచి, "ఏం బ్రదర్, అమ్మాయికి సంబంధం చూపించకుండా ఎలుగుబంట్లని చూపిస్తున్నారంట," అన్నాడు, నాకు వినబడాలనే. పెదనాన్న, "మేం చూపించట్లేదండీ, అదే చూసొస్తానంది," అని ఊరుకున్నాడు. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో అధ్యాయం చదివాక, ఎప్పట్లాగే అందరినీ పేరుపేరునా తలుచుకుని, చివర "ప్రభువా, ఆ ఎలుగుబంట్ల బారినుంచి మా అమ్మాయిని, ఈ అంకుల్స్ బారినుంచి మమ్మల్ని తప్పించు," అన్నాడు. పెద్దమ్మ కళ్ళు మూసుకునే ఆయన మోచెయ్యి గిల్లింది.

నేను బయల్దేరినప్పుడు నా మనసులో ఉన్నది క్లబ్బు పుస్తకాల్లో చూసిన ఉత్తరాది. తెల్లటి మంచు, దాని మీద తెల్లటి జంతువు, ఇంకేమీ లేదు. చిన్న విమానం దిగేసరికి అక్కడ రంగురంగుల ఇళ్ళు, స్తంభాల మీద నిలబెట్టినవి. మంచులో సైకిళ్ళు తొక్కుతున్న పిల్లలు. బడి, కిరాణా షాపు, చర్చి. చర్చిలో వాళ్ళ భాషలో పాడుతున్న కీర్తన నాకు తెలుగులో వచ్చు. రాగం అదే, మాటలు వేరే అంతే. హెలెన్ పక్కింట్లో ఎలిసాపి, ఆవిడ భర్త తోమాసీ ఉండేవాళ్ళు. ఆ మంచు నేల మీద తరతరాలుగా ఉంటున్న ఇన్యూట్ వాళ్ళు. మన ఎలీసబెతే ఎలిసాపి, మన తోమాయే తోమాసీ. నా పేరు చెప్పగానే ఎలిసాపి నా భుజం తట్టి, "రూతీ," అని తన భాషలోకి మార్చుకుంది. ఆవిడకి ఇంగ్లీషు కొంచెమే వచ్చు. నన్ను చూసినప్పుడల్లా ఒకటే ప్రశ్న, "చలేస్తోందా?" ఔనన్నా కాదన్నా తన చేతి తొడుగులు తీసి నాకు తొడిగేది.

ఊళ్ళోకి ఎలుగుబంట్లు రాకుండా కాపలా కాసేవాళ్ళలో తోమాసీ ఒకడు. నేను ఎక్కడ నిలబడాలో, ఎక్కడ నిలబడకూడదో ఆయన చెప్పేవాడు. నేను వినేదాన్ని. పెద్ద లెన్సు ఉంటే నేను ఒంటరిగా ఏ గుట్ట మీదో పడుకుని ఉండేదాన్నేమో. నా చిన్న లెన్సుతో ఊరి గడపలు దాటే వీలు లేదు. అందుకని ఊళ్ళోనే ఉన్నాను. వంటిళ్ళలో కూర్చున్నాను. ఎలిసాపి వంటింట్లో ఆరబెట్టిన చేప వాసన వచ్చేది. ఆవిడ కిటికీ మూయలేదు. ఆ చేప నమిలి నేను మా పెరడు, మా చాప, మా మూసిన కిటికీలు తలుచుకుని లోపల్లోపల మండిపోయాను.

ఒక మధ్యాహ్నం, సూర్యుడు సముద్రం అంచునే పాకుతూ పసుపుపచ్చగా ఉన్నాడు. ఎలిసాపి ఇంటి వెనక తీగ మీద బట్టలు. అక్కడి బట్టలు ముందు గడ్డకట్టి, తరవాత ఆరతాయి. తోమాసీ ప్యాంటు రెండు కాళ్ళ మీద నిలబడ్డ మనిషిలా ఉంది. ఎలిసాపి దాన్ని తీగ మీంచి ఊడదీసి చెక్కపలకలా చంకలో పెట్టుకుంది. అప్పుడు తోమాసీ మెట్ల మీంచి ఏదో మెల్లగా అన్నాడు. చూస్తే, ఒడ్డున, పడవల అవతల, ఎలుగుబంటి. తెల్లగా లేదు. ఆ వెలుగులో గోధుమపిండి రంగులో ఉంది. ఎలిసాపి పరుగెత్తలేదు. ప్యాంటు చంకలోనే పెట్టుకుని, సందులోకి వచ్చిన పక్కింటివాళ్ళ ఆవుని చూసినట్టు దాన్ని చూసింది. అది తల తిప్పి ఆవిడని చూసింది. నేను తోమాసీ పక్కన మెట్టు మీదే ఉన్నాను. ఊపిరి అద్దానికి తగలకుండా బిగబట్టి, రీలుని నెమ్మదిగా, పగిలిపోతుందేమో అన్నట్టు తిప్పుకుంటూ కొన్ని ఫొటోలు తీశాను. తోమాసీ మంచు మీద నడిచే మోటారు బండి ఎక్కి ఇంజను గట్టిగా మోగించాడు. ఎలుగుబంటి విసుగ్గా అటు తిరిగి వెళ్ళిపోయింది. ఎలిసాపి మిగతా బట్టలు తీసుకుని లోపలికి వెళ్తూ, "చలేస్తోందా?" అంది.

సిడ్నీలో ఆ ఫొటోని పెద్దది చేసి, నెలల తరవాత క్లబ్బులో ప్రకృతి విభాగం పోటీకి పెట్టాను. ఫలితాలు చెప్పే సాయంత్రం పెద్దమ్మకి డ్యూటీ. పెదనాన్న సూటు వేసుకుని వచ్చాడు, బూట్లు నిగనిగలాడుతూ. న్యాయనిర్ణేత సిటీ నుంచి వచ్చిన పేరున్న మనిషి. నా ఫొటో స్టాండు మీద పెట్టాక దగ్గరికొచ్చి వంగి చూశాడు.

"వెలుగు అద్భుతం. జంతువు అద్భుతం. ఆ ఉతికిన బట్టలే మధ్యలో వచ్చిపడ్డాయి," అన్నాడాయన.

హాలంతా నవ్వింది. ఆయన రూలు వివరించాడు. ప్రకృతి విభాగంలో మనిషిగానీ, మనిషి చేతి జాడగానీ కనిపించకూడదు. కనిపిస్తే అది ప్రకృతి కాదు. అప్పుడు వీలర్ లేచాడు, సాయం చేసేవాడిలా. ఎల్ అక్షరంలా కోసిన రెండు నల్ల అట్టముక్కలు తెచ్చి, నా ఫొటో మీద అటొకటి ఇటొకటి ఆనించి జరుపుకుంటూ వచ్చాడు. ముందు తీగ పోయింది. తరవాత ఎలిసాపి భుజం, చంకలో ప్యాంటు, మొహం. ఆఖరికి ఎలుగుబంటి ఒక్కటే మిగిలింది. ఎవరివైపో చూస్తోంది. ఎవరూ లేరు.

"ఇదిగో. ఎడమవైపు ఇంత కత్తిరించు లవ్, నీకు మొదటి బహుమతి," అన్నాడు వీలర్. ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు.

కోపం వస్తే నాకు నోరు పెగలదు. ఆ రోజు పెగిలింది. "ఆవిడ పేరు ఎలిసాపి. ఆవిడ ఇంటి మెట్టు మీద నిలబడి ఈ ఫొటో తీశాను. ఆవిడని తీసేస్తే నేనెక్కడ నిలబడి తీశానో మీరే చెప్పండి," అన్నాను.

"మనసులో పెట్టుకోకు. అది రూలు, అంతే," అన్నాడు న్యాయనిర్ణేత.

"ఎలుగుబంటి ఆవిణ్ణి చూస్తోంది," అన్నాను. "దానికి కనబడ్డ మనిషి మీకెందుకు అడ్డమొచ్చింది?"

వాళ్ళ మొహాల్లో సిగ్గు లేదు, చిన్నపిల్ల పేచీ పెడితే పెద్దవాళ్ళు చూసే చూపు ఉంది. అదే నాకు కాలింది. నేను ముందుకి నడిచి, అట్టముక్కలు తీసి బల్ల మీద పెట్టి, ఫొటో చేతిలోకి తీసుకున్నాను. వెనక కుర్చీ చప్పుడైంది. పెదనాన్న లేచి, వెళ్ళి హాలు తలుపు తీసి పట్టుకున్నాడు. అదే ఆయన చేసింది. క్లబ్బులోకి నేను మళ్ళీ అడుగు పెట్టలేదు.

ఆ రోజుల్లోనే ఈ దేశపు పెద్ద కోర్టులో ఒక వాదన నడుస్తోంది. తెల్లవాళ్ళు ఓడ దిగేనాటికి ఈ నేల ఎవరిదీ కాదు, ఎవరిదో అనడానికి ఇక్కడ మనుషులే లెక్కలోకి రారు అని ఇన్నాళ్ళూ చలామణీ అయిన మాట నిలుస్తుందా లేదా అని. ఆ వార్తలు పెదనాన్న పేపర్లో రోజూ చదివేవాడు. క్లబ్బు నుంచి ఇంటికి కారు తోలుతూ, "రూతమ్మా, వీళ్ళకిది అలవాటేనే. మనుషులున్న చోటుని బొమ్మలో ఖాళీ చేసుకుంటారు, ఆనక ఖాళీగా ఉందని వెళ్తారు," అన్నాడు. పెదనాన్న కోపంగా మాట్లాడగా నేను విన్నది ఆ ఒక్కసారే, అదీ మామూలు గొంతుతోనే.

ఫొటో ఒకటి ఎలిసాపికి పంపించాను. ఊళ్ళో హాలు గోడకి తగిలించారనీ, చూసిన ప్రతివాళ్ళూ ముందు తోమాసీ ప్యాంటు చూసి నవ్వుతున్నారనీ, తరవాతే ఎలుగుబంటి సంగతి ఎత్తుతున్నారనీ హెలెన్ చెప్పింది. ఇంకొకటి మా చర్చి హాల్లో పెట్టాం. నాకు సంబంధం చూడమన్న అంకుల్ దాని ముందు నిలబడి, ఈవిడ మన రాజోలు వైపు ఎవరిలాగో ఉందే అన్నాడు. ఆ మాటతో ఆయన మీద కోపం సగం పోయింది. ఆ తరవాత నేను తీసినవన్నీ అలాంటి ఫొటోలే. పక్షులూ వాటితో బతికే మనుషులూ, గబ్బిలాలూ వాటిని తిట్టుకుంటూ తోట కాసుకునేవాళ్ళూ. పోటీలకి మాత్రం ఎప్పుడూ పంపలేదు. ఎక్స్‌రే గదిలోనే రిటైరయ్యాను. దానికి నాకేమీ విచారం లేదు.

ఇప్పుడు రూళ్ళు మారాయంటారు. స్థానికుల గురించి, వాళ్ళ నేల గురించి ప్రతి సభలోనూ ముందు రెండు మాటలు చెప్పి మొదలుపెడతారు. సంతోషమే. కానీ అట్టముక్కలు పోయాయని మాత్రం నన్ను నమ్మమనకండి. వీలర్‌కి కనీసం రెండు చేతులూ కావలసి వచ్చాయి, నలుగురి ఎదుట నిలబడవలసి వచ్చింది. నేను ఎదురు చెప్పడానికి అక్కడ ఒక మనిషి ఉన్నాడు. ఇప్పుడు ఆ పని జేబులోకి వచ్చేసింది, ఎవరికీ ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు.

కెల్లీవిల్‌లో ఉండే మా అమ్మాయి మొన్న సెలవుల్లో నన్ను, పిల్లని తీసుకుని సముద్రం వైపు వెళ్ళింది. పడవల రేవులో, చేపలు శుభ్రం చేసే రాతిబల్ల దగ్గర పెద్ద గూడబాతు ఒకటి నిలబడి ఉంది. మనవరాలు ఫోనుతో ఫొటో తీసింది. బాగా తీసింది, నా కంటికి తెలుస్తుంది. "లుక్, అమ్మమ్మా," అని చూపించింది. పక్షి వెనక, కత్తితో చేపలు కోస్తున్న ముసలాయన. చూస్తుండగానే పిల్ల ఫోను మీద వేలితో ఆయన చుట్టూ గీసింది. ఆయన ఉన్నచోట నీళ్ళు వచ్చాయి. గూడబాతు మెడ చాపుకుని ఖాళీ నీళ్ళకేసి ఆశగా చూస్తోంది.

"ఎవరే ఆయన?" అన్నాను.

"నోబడీ. జస్ట్ సమ్ గై."

నా గొంతు మారిందని మా అమ్మాయి కనిపెట్టి, "అమ్మా, చిన్నపిల్ల," అంది. చిన్నపిల్ల కాబట్టే అనుకున్నాను.

"వెళ్ళి ఆయన పేరు కనుక్కునిరా," అన్నాను.

"వై?"

"ఆ పక్షి అక్కడికెందుకొచ్చిందో ఆయన్నే అడుగు."

ఫోను జేబులో పెట్టుకుని, వాళ్ళమ్మ వైపు ఒకసారి చూసి, కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళింది. ముసలాయన కత్తి పక్కన పెట్టి, వంగి దాని మాట విన్నాడు. ఏం చెప్పాడో గాలికి నాకు వినబడలేదు. తరవాత ఒక చేప తలకాయ తీసి దాని చేతిలో పెట్టి, పక్షి ముందు ఎక్కడ నిలబడాలో చూపించాడు.